స్టోరీవీవర్ తెలుగు పుస్తకాలు: బడికి ఏవి దించుకోవచ్చు, ఏవి దిద్దుకోవాలి

నెల్లూరులోనూ ట్రంకు రోడ్డే, ఒంగోలులోనూ ట్రంకు రోడ్డే. ఎక్కడికి పోయి బడి పిల్లకాయలకు కథల పుస్తకాలు కావాలన్నా షాపాయన ముందు పెట్టే కట్ట ఒకటే: పంచతంత్రం, తెనాలి రామకృష్ణ, అక్బర్ బీర్బల్, నీతికథలు. నిగనిగలాడే కాగితం, ప్రతి కథ కిందా పెట్టె కట్టి నీతి, బొమ్మల్లో ఒక్క పిల్లకాయ కూడా ఎండలో తిరిగిన రంగులో ఉండదు. తరగతి గదికి అందులో రెండు చాలు, కట్ట మొత్తం అక్కర్లేదు. దానికి బదులు ఇప్పుడు చాలామంది టీచర్లు ఫోన్లో తెరుస్తున్న స్టోరీవీవర్ అనే పిల్లల కథల సైటు ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ సమీక్ష.

ప్రథమ్ బుక్స్ 2004లో బెంగళూరులో మొదలైన, లాభాపేక్ష లేని ప్రచురణ సంస్థ. 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినం రోజున, స్టోరీవీవర్ వెబ్‌సైటును తెరిచింది. కథలు ఊరికే చదువుకోవచ్చు, లాగిన్ అయి పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. అంతకంటే పెద్ద సంగతి లైసెన్సు. దాదాపు అన్నీ క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 కింద ఉన్నాయి. రచయిత, బొమ్మలేసినవాళ్లు, అనువాదకుల పేర్లూ లైసెన్సు పేరూ లింకూ ఉంచి, మనం మార్చామని చెబితే చాలు. మాటలు మార్చుకోవచ్చు, ఇంకో భాషలోకి తెచ్చుకోవచ్చు, అచ్చేసి అమ్ముకున్నా అడిగేవాళ్లు లేరు. మన నెల్లూరు, ప్రకాశం వైపు బడులకు ఈ సైటు విలువంతా ఆ మార్చుకునే హక్కులోనే ఉంది. దించినవి దించినట్టు పిల్లల చేతిలో పెడితే మాత్రం చాలా పుస్తకాలు ఒక్కసారి తిప్పి మూలన పడేస్తారు. ఎందుకో చూద్దాం.

ముందు స్థాయిల సంగతి. సైటులో నాలుగున్నాయి. మొదటిది 250 పదాల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది ఆ పైన. లెక్క బాగానే ఉంది గానీ తెలుగుకు సరిపోదు. ఇంగ్లీషులో నాలుగైదు మాటలుగా విడివిడిగా ఉండేది మన దగ్గర 'వెళ్లిపోయిందనుకున్నాడు' అని ఒకే మాటై కూర్చుంటుంది. పదాల లెక్కలో అది ఒకటే, కానీ రెండో తరగతి పిల్ల దాన్ని కూడబలుక్కునేసరికి కథ మరిచిపోతుంది. పైగా ఒకటో తరగతిలో అక్షరాలు, గుణింతాలు అయ్యేసరికే ఏడాది గడిచిపోతుంది, వత్తుల మీద పట్టు దొరికేది రెండులోనే. అనువాదం చేసినాయనకు ఆ సంగతి పట్టదు. స్థాయి 1 అని రాసి, మొదటి పేజీలోనే 'స్వచ్ఛమైన', 'ఉత్సాహంగా' అని పెట్టేస్తాడు.

అందుకని కవరు మీది స్థాయిని నమ్ముకోకుండా పేజీలో వత్తులు లెక్కపెట్టుకోవాలి. అమ్మ, అన్నం, చెట్టు, కుక్క లాంటి ద్విత్వాలు నోటికి అలవాటైన మాటలు కాబట్టి పిల్లలు ఊహించి చదివేస్తారు. తంటా అంతా సంయుక్తాలతో: త్స, ష్ట, జ్ఞ, ర్ధ లాంటివి. స్థాయి 1 పుస్తకంలో పేజీకి ఒక సంయుక్తం, స్థాయి 2లో మూడు, అంతకు మించితే ఒక తరగతి పైకి జరపండి. ఈ లెక్కన చూస్తే స్థాయి 1 అన్నవి మన దగ్గర రెండో తరగతి రెండో సగంలో చక్కగా నడుస్తాయి, స్థాయి 2వి మూడు, నాలుగు తరగతులకు సరిపోతాయి. స్థాయి 4 ఐదో తరగతిలో ఒకరిద్దరు గట్టి చదువరులకే.

ఒకటో తరగతికి మాటలే లేని బొమ్మల పుస్తకాలు వెతకండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, ఎరుకల భాష మాట్లాడే పిల్లలు, తమిళం కలిపి మాట్లాడే పిల్లలు ఒకే గదిలో ఉన్నప్పుడు అందరికీ ఒకేసారి అందేవి అవే. టీచరు చదవకుండా, 'ఇప్పుడేమైంది?' అని అడుగుతూ పేజీ తిప్పితే సరి.

ఇక అనువాదం. ఈ సైటులో ఎవరైనా ఖాతా తెరిచి కథను తెలుగు చేసి పెట్టొచ్చు. సంపాదకుల చేతిలో పడి వచ్చినవీ, ఎవరో ఉత్సాహం కొద్దీ ఒక పూటలో చేసి పెట్టినవీ పక్కపక్కనే కనబడతాయి. ఒకే కథకు రెండు మూడు తెలుగు అనువాదాలు ఉండటమూ మామూలే, మొదట కనబడినదే తీసుకోనక్కర్లేదు. పీడీఎఫ్ చివరి పేజీల్లో అసలు కథ ఎవరిది, ఏ భాషది, తెలుగు చేసిందెవరు అన్నది ఉంటుంది. దించుకోకముందే అక్కడికి పోయి చూడండి. కన్నడం, తమిళం నుంచి నేరుగా వచ్చినవి మనకు దగ్గరగా ఉంటాయి, వరసలూ వంటలూ ఇంచుమించు ఒకటే కాబట్టి. హిందీ కథ ఇంగ్లీషులోకి పోయి, అక్కడి నుంచి తెలుగులోకి వస్తే రెండు చోట్ల జారుతుంది. హిందీలో నాన్న తమ్ముడిగా ఉన్న మనిషి ఇంగ్లీషులో అంకులై, తెలుగుకొచ్చేసరికి మామయ్య అయిపోతాడు. బాబాయి మామయ్యైతే వరసే మారిపోయె. పిల్లలు ఇలాంటివి మనకంటే ముందు పట్టుకుంటారు.

అనువాదం సంగతి తేల్చుకోవడానికి మొదటి పేజీ, నడిమి పేజీ, చివరి పేజీ బయటికి చదివి చూస్తే చాలు. 'యొక్క' రెండుసార్లు తగిలినా, 'చేయబడింది' ఒక్కసారి తగిలినా, అమ్మని పేజీ పొడుగునా 'ఆమె' అంటున్నా అది దిద్దకుండా వాడేది కాదు. సాధారణంగా కనబడే తరహా వాక్యం ఇట్టా ఉంటుంది:

"వర్షం కురుస్తున్నప్పటికీ మీనా తన యొక్క కాగితపు పడవతో ఎంతో ఉత్సాహంగా ఆడుకొనసాగింది."

రెండో తరగతికి దీన్ని ఇట్టా చేసుకోవచ్చు:

"వాన పడుతూ ఉంది. మీనా కాగితం పడవ చేసింది. నీళ్లలో వదిలింది. పడవ పోతూ ఉంది, పోతూ ఉంది."

ఒక వాక్యం నాలుగైంది. 'ర్ష', 'త్స' పోయాయి. చివర్న మాట రెండోసారి రావడంతో పిల్ల దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కోకుండా చదివేస్తుంది, ఆ ధైర్యంతో పేజీ తిప్పుతుంది. దిద్దేటప్పుడు కథను కురచ చేయడం కంటే వాక్యాలను విడగొట్టడమే ముఖ్యం.

మన యాస ఎంతవరకు పెట్టొచ్చన్నది వాదనకు వచ్చే విషయమే. కథ చెప్పే భాగం పాఠ్యపుస్తకానికి దగ్గరగా తేలిక తెలుగులో ఉంచి, మాటలాడుకునే చోట్ల మాత్రం 'ఏంది', 'యాడికి పోతన్నావు', 'గమ్మునుండు' రానిస్తే సరిపోతుంది. మొత్తం యాసలో రాస్తే రెండు ఇబ్బందులు. కావలి వైపు మాట మార్కాపురం, గిద్దలూరు వైపు మాట కాదు. ఒక బడి కోసం దిద్దింది పక్క మండలంలోనే పరాయిదవుతుంది. రెండోది, వర్ణక్రమం ఇంకా కుదరని పిల్లలకు రెండు రకాల రాతలు కనబడి తికమక పడతారు. పొలం పనుల మాటలకు మాత్రం మొహమాటం వద్దు. కయ్యని కయ్యనే అనండి, గెనిమని గెనిమనే అనండి. 'వరి క్షేత్రపు సరిహద్దు గట్టు' అంటే నాట్లకు పోయే అమ్మ బిడ్డకు కూడా అర్థం కాదు.

బొమ్మకూ మాటకూ పొత్తు కుదరకపోవడం ఇంకో లోపం. మన పిల్లలకు దగ్గర చేస్తున్నామనుకుని కొందరు అనువాదకులు పేర్లు మార్చేస్తారు. కథలో పిల్లవాడు శ్రీను అవుతాడు, బొమ్మలో వాళ్ల తాతకు రాజస్థానీ తలపాగా. మాటల్లో 'అన్నం తిన్నారు', బొమ్మలో పొయ్యి మీద రొట్టెలు కాలుతున్నాయి. ఇలాంటిది చూస్తే పేర్లను వెనక్కి, అసలువే పెట్టేయండి. రాజస్థాన్ పిల్లవాడు రాజస్థాన్ పిల్లవాడిలాగానే వస్తే మనవాళ్లు హాయిగా చదువుతారు, ఎడారి ఎట్టా ఉంటుందని అడుగుతారు. దూరదేశపు కథ ఉండటంలో తప్పేం లేదు, దానికి మన ఊరి వేషం వేయడమే తప్పు.

ఇప్పుడు అసలు విషయం. బడి పుస్తకాల అరలో ఎవరెవరు ఉన్నారు?

నెల్లూరు జిల్లా బడుల్లో యానాది పిల్లలు చాలామంది ఉంటారు. పుస్తకాల్లో గిరిజనులంటే మాత్రం కొండ, అడవి, ఈకల కిరీటం, డప్పు చుట్టూ నాట్యం. యానాదులుండేది చెరువు కట్టల పక్కన, కాలవ గట్ల మీద, ఊరి చివర. చేసేది చేపలు పట్టడం, పొలం పనులు, రొయ్యల గుంటల కాపలా. అడవి బొమ్మ చూసి ఆ పిల్ల 'ఇది నేనే' అనుకోదు. గిరిజన పిల్లలున్న కథ దేన్నైనా మూడు ప్రశ్నలతో చూడండి. ఆ పిల్లకు పేరుందా? కథలో చిక్కు విప్పేది ఆ పిల్లేనా, పట్నం నుంచి వచ్చిన సారా? ఆమె గిరిజన పిల్ల కాకపోయినా కథ నడిచేదేనా? ఆ మూడోదానికి ఎప్పుడూ అవునే రావాలని లేదు. అరలో గిరిజన కథలన్నింటికీ కాదనే వస్తుంటే మాత్రం అనుమానించాలి. ఎలుకలు పట్టే బొమ్మ ఉన్న పుస్తకం అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ అరలో యానాదుల గురించి ఉన్నది అదొక్కటే అయితే, తరగతి నవ్వుతుంది, ఆ పిల్ల రేపు బడికి రాదు. కులం పేరునే తిట్టుగా వాడే చోట పుస్తకం ఎంపిక ఇంత జాగ్రత్తగానూ ఉండాలి.

ఎరుకల వాళ్ల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన బ్రిటిషువాళ్ల క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద వీళ్లను కుటుంబాలతో సహా సెటిల్‌మెంట్లలో నిర్బంధించారు; కావలి సెటిల్‌మెంటు వాటిలో ఒకటి. ఆ చట్టం 1952లో రద్దయినా, పిల్లల కథల్లో దొంగ వేషం మాత్రం రద్దు కాలేదు. నల్లటి ఒళ్లు, గళ్ల లుంగీ, భుజాన మూట వేసి దొంగను గీసిన పుస్తకం సైటులోదైనా, షాపులోదైనా వదిలేయండి. దిద్దుకునే హక్కు మాటలకు అక్కరకొస్తుంది గానీ, ఇలాంటి బొమ్మను దిద్దడం మన చేతిలో పని కాదు.

సముద్రం పక్క బడులకు, అంటే మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్లకు, చేపల వేట కథ ఏదైనా తీసుకునే ముందు ఒక తండ్రికి చూపించండి. పడవ ఎక్కడిది, వల ఏ రకం, ఏ చేప ఏ కాలంలో పడుతుంది, ఒక్క చూపుకు చెప్పేస్తారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం. ఎండాకాలం సెలవుల్లో నాన్న రోజూ బోటెక్కి పోతున్నట్టు రాసిన కథను అక్కడి మూడో తరగతి పిల్లే తప్పు పడుతుంది. తప్పు పట్టనివ్వండి, అదీ ఒక చదువే. కానీ తెలియక ఇవ్వడం వేరు, తెలిసి ఇవ్వడం వేరు. ఇదే పద్ధతి నల్లమల వైపు చెంచు పిల్లలున్న బడులకూ వర్తిస్తుంది: తేనె తీసే బొమ్మను తేనె తీసేవాళ్లకు చూపించాలి.

ముస్లిం పిల్లలు పుస్తకాల్లోకి వచ్చేది రంజానుకే. టోపీ, సేమ్యా, కౌగిలింత, కథ అయిపోయింది. సైటులో ఈ విషయంలో షాపు కట్ట కంటే చాలా నయం. ముస్లిం పేర్లున్న పిల్లలు లెక్కలు చేస్తూ, సైకిలు తొక్కుతూ, పిల్లి కోసం వెతుకుతూ కనబడతారు. వెతికేటప్పుడు పండుగ కథ ఒకటి తీసుకుంటే మామూలు రోజు కథలు రెండు తీసుకోవడం మంచి లెక్క. మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో అన్ని మతాలవాళ్లూ రొట్టెలు మార్చుకునే రొట్టెల పండుగను చూసిన నెల్లూరు పిల్లలకు కలిసి ఉండమని నీతి చెప్పే పుస్తకం ప్రత్యేకంగా అక్కర్లేదు. ఆ పండుగ గురించే ఒక బొమ్మల పుస్తకం ఉంటే మాత్రం చినిగిపోయేదాకా చదువుతారు.

తిండి విషయం అన్నిచోట్లా లోటే. కథల్లో పిల్లలు పండ్లు తింటారు, లడ్డూలు తింటారు. చేపల పులుసు వాసన వచ్చే పేజీ దొరకడం కష్టం, తలకాయ కూర సంగతి చెప్పనక్కర్లేదు. హైదరాబాదు అన్వేషి సంస్థ 2008లో డిఫరెంట్ టేల్స్ పేరుతో తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో తెచ్చిన పుస్తకాలు ఈ లోటు మీదే పని చేశాయి. దళిత, ముస్లిం ఇళ్ల పిల్లల బతుకును ఆ ఇళ్ల రచయితలే రాశారు, కావలికి చెందిన మహమ్మద్ ఖదీర్‌బాబు వాటిలో ఒకరు. పాత కాపీ ఎక్కడన్నా కనబడితే వదలకండి. అమ్మ కువైట్‌లో ఉంటే అవ్వ దగ్గర పెరిగే పిల్ల, మిరపకాయల కోతలకు పెద్దవాళ్లతో గుంటూరు వైపు పోయి నెలల తర్వాత బడికి తిరిగొచ్చే పిల్లవాడు, వీళ్ల కథలు ఇంకా వెతుక్కోవాల్సిందే.

దిద్దుకోవడం ఎట్టాగంటే, మూడు దారులున్నాయి. ఒకటి సైటులోనే: కథ పేజీలో అనువాదానికి ఒక బటనూ, అదే భాషలో స్థాయి మార్చి రాసుకోవడానికి రీలెవెల్ అని ఇంకో బటనూ ఉంటాయి. సైటు రూపు మారినప్పుడల్లా వీటి చోటు మారుతుంటుంది, కాస్త వెతుక్కోవాలి. పేజీ పేజీకీ మాటలు మార్చి ప్రచురిస్తే అసలు రచయిత పేరు దానంతటదే నిలుస్తుంది, మన పేరు దాని పక్కన చేరుతుంది. ఊరూ బడీ వివరాలు అందులో ఇరికించకండి, లోకమంతా చూస్తుంది. రెండో దారి, పీడీఎఫ్ అచ్చు తీసి, కొత్త వాక్యాలను ఏ4 స్టిక్కరు కాగితం మీద ప్రింటు తీసి పాత వాక్యాల మీద అతికించడం. ఇది మొరటుగా కనబడినా గట్టిది, నెట్టు సరిగా రాని ఊళ్లకు ఇదే దిక్కు. మూడోది పెన్సిలుతో మాట మీద మాట రాయడం, అది చేయకండి. పిల్లలు రెండూ కలిపి చదువుతారు.

స్టిక్కరు మీది అక్షరం సైజు 20 నుంచి 24 పాయింట్లు ఉండాలి, వరసల మధ్య ఒకటిన్నర ఎడం ఉండాలి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిలో పడి, చిన్న పిల్లలకు ఏది దేనిదో తెలియదు. మండలి, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఊరికే దొరుకుతాయి. యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని తెచ్చి అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. జిరాక్సు షాపుకు వర్డ్ ఫైలు తీసుకుపోకండి. వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే వరసలన్నీ చెదిరిపోతాయి. పీడీఎఫ్ చేసుకుని పోండి. అందులోనూ స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, క్షణం లాంటి మాటలు వెతికి చూసుకోండి. వత్తు విడిపోయి పక్కన పొల్లు కనబడితే ఆ పీడీఎఫ్ పాడైనట్టే.

ఖర్చు దగ్గర అందరూ ఒకచోట బోల్తా పడతారు. ఊరికే దొరికింది కదా అని రంగుల్లో అచ్చు తీయిస్తారు. పదహారు పేజీల పుస్తకాన్ని ఏ4 కాగితం మడిచి చిన్న సైజులో వేస్తే నాలుగు కాగితాలు, ఎనిమిది వైపులు. రంగు ప్రింటుకు వైపుకు పది రూపాయలనుకున్నా ఎనభై. స్టోరీవీవర్‌లో ఉన్న ప్రథమ్ బుక్స్ కథల్లో చాలావాటికి అచ్చు పుస్తకాలు వంద రూపాయల లోపే దొరుకుతాయి, గట్టి కాగితం, గట్టి కుట్టు. కాబట్టి అచ్చు ఉన్నవి కొనండి. మనం దిద్దుకున్నవీ, అచ్చులో లేనివీ, వాడుకరులు పెట్టినవీ మాత్రమే ప్రింటు తీయండి. నలుపు తెలుపులో తీసేట్టయితే గీతల బొమ్మలున్నవి ఎంచుకోవాలి. నీటిరంగుల బొమ్మలు బూడిద ముద్దవుతాయి.

ప్రింటుకు పోయేముందు పేజీ నిలువుదా అడ్డందా చూడండి. నిలువుదైతే అడోబ్ రీడర్లో బుక్‌లెట్ ఎంచి, రెండు వైపులా, పొట్టి అంచు మీద తిరగేయమని పెట్టాలి. పొడుగు అంచు పెడితే వెనక పేజీ తలకిందులవుతుంది. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడకపోతే చివర తెల్ల పేజీలు మిగులుతాయి, పిల్లలు బొమ్మలేసుకోవడానికి ఉంచేయండి. అడ్డం పేజీల పుస్తకాన్ని బుక్‌లెట్‌గా వేస్తే బొమ్మ కుంచించుకుపోయి పైనా కిందా తెలుపు మిగులుతుంది. దాన్ని నిండు ఏ4 మీద తీసి ఎడమ పక్కన కుట్టుకోవాలి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మామూలు కాగితమైతే వెనక బొమ్మ ముందుకు కనబడుతుంది, లోపలి పేజీలకు 100, అట్టకు 200 జీఎస్ఎం అడగండి. చివరి రెండు పేజీల పేర్ల పట్టీని కాగితం మిగులుతుందని తీసేస్తుంటారు. అది లైసెన్సు షరతు, తీయకూడదు.

స్టేప్లరు పిన్ను మడత దాకా అందదు, అందినా సముద్రపు గాలికి ఒక్క వానాకాలంలో తుప్పు పట్టి కాగితాన్ని కొరుకుతుంది. దారంతో కుట్టడమే మేలు. మడత మీద దబ్బనంతో మూడు బెజ్జాలు పెట్టండి: నడుమ ఒకటి, రెండు చివర్లకు అంగుళంన్నర ఎడంలో ఒక్కోటి. సూదిని బయటి నుంచి నడిమి బెజ్జంలోకి దించి, లోపలి నుంచి పై బెజ్జంలో బయటికి తీసి, బయటగా కింది బెజ్జం దాకా తెచ్చి లోపలికి దించి, మళ్లీ నడిమి బెజ్జంలోంచి బయటికి తీయాలి. దారం కొసలు రెండూ బయటి పొడుగు కుట్టుకు చెరో పక్కన పెట్టి ముడేస్తే కుట్టు జారదు. అట్ట మీద సెల్లో టేపు అంటించకండి. మన ఎండకు జిగురు కారి రెండు పుస్తకాలూ అతుక్కుంటాయి.

ఈ సైటు ఒక్కదానితో అర నిండదు. నేషనల్ బుక్ ట్రస్ట్, 1957లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, నెహ్రూ బాల పుస్తకాలయం వరసలో తెలుగు పుస్తకాలు తక్కువ ధరకు ఇస్తుంది. పాత అనువాదాల్లో గ్రాంథికపు వాసన ఉంటుంది, బొమ్మలు మాత్రం నిలబడ్డాయి. చెన్నై తూలిక 1996 నుంచి బొమ్మల పుస్తకాలు వేస్తోంది. ఇంగ్లీషూ తెలుగూ ఒకే పేజీలో ఉండే వాళ్ల పుస్తకాలు, 2020–21 నుంచి ఎదురెదురు పేజీల్లో రెండు భాషల పాఠ్యపుస్తకాలకు అలవాటుపడ్డ మన పిల్లలకు కొత్తగా అనిపించవు. ధర కొంచెం ఎక్కువే. సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్ల జాబితాలో తెలుగులోనే పుట్టిన కథలూ, శ్రద్ధగా చేసిన అనువాదాలూ ఉంటాయి. తెలుగు నుడి కోసమైతే ముందు చూడాల్సింది అదే. సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక బడికి లైబ్రరీ గ్రాంటు ఏటా 5,000 రూపాయల దాకా ఉంది. ఆ డబ్బులు మొత్తం ఒకే సెట్టుకు పోసేయకుండా మూడు నాలుగు చోట్ల నుంచి తెప్పించుకుంటే అర రంగు మారుతుంది.

ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న బడికి మొదటి విడతగా నలభై పుస్తకాలనుకుంటే, మాటల్లేనివి ఐదు, స్థాయి 1వి పదిహేను, స్థాయి 2వి పన్నెండు, స్థాయి 3వి ఐదు, చీమలు, వాన, ఇటుక బట్టీ, రైలు లాంటి విషయాలు చెప్పేవి మూడు. వీటిలో మూడోవంతు ఈ చుట్టుపక్కల బతుకు కనబడేవి కావాలి, తక్కినవి ఎక్కడివైనా సరే. చేతికర్రతో నడిచే పిల్ల, చూపు లేని పిల్లవాడు కథ నడిపేవి కనీసం రెండు ఉండేట్టు చూడండి, ఈ రకం సైటులో బాగానే దొరుకుతాయి.

చుట్టుపక్కల బతుకు కనబడే మూడోవంతు దొరకనప్పుడు సైటులోనే కొత్త పుస్తకం కట్టొచ్చు. బొమ్మల నిధి అందులోనే ఉంది, పిల్లలు గీసిన బొమ్మలూ ఎక్కించొచ్చు. ఊళ్లో అవ్వ చెప్పిన కథను అట్టా పెట్టాలనుకుంటే ముందు ఆమెకు ఒక మాట విడమరిచి చెప్పాలి: ఒకసారి ఈ లైసెన్సు కింద పెట్టాక ఆ కథను ఎవరైనా, యాడైనా, అమ్ముకోవడానికైనా వాడుకోవచ్చు, వెనక్కి తీసుకోవడం కుదరదు. అన్నీ విని ఆమె సరేనంటేనే పెట్టండి, కథ చెప్పినవాళ్లుగా ఏ పేరు రాయాలో కూడా ఆమెనే అడగండి. వద్దంటే ఆ కథను నలుపు తెలుపులో ఒక్క కాపీ తీసి, దారంతో కుట్టి, మీ బడి అరలోనే పెట్టుకోండి.